ఉతకని స్వెట్టరు

మేనేజరు మొదటిసారి నా దుప్పటి మీద పోసినప్పుడు నాకు కోపం రాలేదు. పనిమంతురాలినన్న గర్వం వచ్చింది. పోసింది రెండు చెంచాలు కూడా ఉండదు. దానికి మొదట చల్లని నీళ్లు, తరవాత వెనిగరు కలిపిన నీళ్లు, ఆపైన మరకను తినేసే పొడి, ఇరవై నిమిషాలు. అంతే. డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో ఇరవై రెండేళ్లుగా మరకలు తీస్తున్నదాన్ని, ఒక పిల్లి నాకు పరీక్ష పెట్టడమేమిటని నవ్వుకుని దుప్పటి నానబెట్టి పనికి వెళ్లిపోయాను.

మేనేజరు అంటే మా పిల్లి. మగపిల్లి, బూడిదరంగు, ఏడేళ్లవాడు. ఆ పేరు మా ఆయన పెట్టాడు. పని చేయడు, కుర్చీ వదలడు, అందరి మీదా ఒక కన్నేసి ఉంచుతాడు కాబట్టి మేనేజరట. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లి కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఈరోజు మూడు లిఫ్టులు బాగుచేశానండి సార్. ఒకదాంట్లో పెద్దాయన ఇరుక్కుని నన్ను నానా మాటలూ అన్నాడు" అని రిపోర్టు ఇచ్చేవాడు. మేనేజరు ఆయన నీలం స్వెట్టరు మోచేతిని వాసన చూసి, సరే వెళ్లు అన్నట్టు కళ్లు మూసేవాడు. నాకు ఏ రిపోర్టూ ఉండేది కాదు. నాకు జిడ్డు మరకల ప్యాంటు ఇచ్చేవాడు. అసలు మా పరిచయమే ఆ జిడ్డుతో మొదలైంది కాబట్టి నేను మూతి ముడుచుకోవడానికి లేదు.

ఆ మనిషి పోయి అప్పటికి రెండు నెలలు. ఒక ఆఫీసు భవనం పైన మోటారు గదిలో, చేతిలో పానాతో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

ఆయన పోయిన మూడో రోజున చుట్టాలంతా వెళ్లిపోయాక నేను ఇల్లు ఉతికాను. ఇల్లు ఉతకడం అంటే మాటవరసకు కాదు. ఆయన చొక్కాలు, ప్యాంట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు, దుప్పట్లు, సోఫా తొడుగులు, కర్టెన్లు, ఆఖరికి తలుపు దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా కూడా. షాపు నుంచి సీసాలు తెచ్చుకుని మరీ ఉతికాను. మా పనిలో మొదటి పాఠం, మరకను ఆరనివ్వకూడదు. వెంటనే పట్టుకుంటే పోతుంది. వదిలేస్తే దారప్పోగులోకి దిగిపోతుంది, ఇక దేవుడు కూడా తియ్యలేడు. దుఃఖం కూడా అంతే అనుకున్నాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

అంతా ఆరేసి మడతపెడుతుంటే నీలం స్వెట్టరు కనబడలేదు. మోచేతుల దగ్గర నేనే తోలు అతుకులు వేసిన స్వెట్టరు. మాసిన బట్టల బుట్టలో ఉండాల్సింది. బుట్ట దగ్గరికి వెళ్లింది మా ఆడపడుచు ఒక్కతే. ఫోను చేస్తే, "అవును వదినా, నేనే తీసుకున్నాను" అంది నెమ్మదిగా. అడిగి తీసుకెళ్తే గుర్తుగా తీసుకెళ్లినట్టు, చెప్పకుండా తీసుకెళ్తే దొంగతనం అంటారని చెప్పాను. నాకు ముక్కు మీద కోపం. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత ఆమె చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఆమె బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పే గొంతు ఆమెదే. ఆ గొంతు వినాల్సి వస్తుందని నేను బస్టాండు మీదుగా వెళ్లడం మానేసి రోజూ రెండు వీధులు చుట్టు తిరిగి షాపుకు నడిచేదాన్ని.

ఇల్లు శుభ్రంగా ఉండేది. అంత శుభ్రమైన ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే చెంచా చప్పుడు పక్కింటివాళ్లకు వినిపిస్తుందేమో అనిపించేది. మా భవనంలో లిఫ్టును ఆయన ఊరికే చూసిపెట్టేవాడు. ఆయన పోయాక అది మూడో అంతస్తు దగ్గర మూలగడం మొదలుపెట్టింది. అది మూలిగినప్పుడల్లా మేనేజరు తలుపు వైపు చూసేవాడు. నేనూ చూసేదాన్ని. షాపులో వెనకగదిలోకి ఎవరూ రారు, ఓనరు కూడా చొక్కాకు నంబరు గుచ్చి కిటికీలోంచి అందిస్తాడు. ఒక్కో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడిన మాట "కాలరు మీద సిరా, రేపటికవుతుంది" ఒక్కటే. ఇంటికొచ్చి పిల్లికి రిపోర్టు ఇద్దామని నిలబడ్డాను ఒకసారి. చేతులు కట్టుకుని, మళ్లీ విప్పుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను.

దుప్పటి తరవాత సోఫా, సోఫా తరవాత ఇస్త్రీ బల్ల. మేనేజరు ఇసుక ట్రేలోకి వెళ్లి గొంతుకు కూర్చుని ముక్కి ముక్కి లేచేవాడు. ట్రే పొడిగా ఉండేది. అయిదు నిమిషాలకు మళ్లీ వెళ్లేవాడు. ఆ తరవాత ఇంట్లో ఎక్కడో నాలుగు చుక్కలు పోసి, తనను తానే నాక్కుంటూ మూలుగుతూ మంచం కింద దూరేవాడు. ఒకరోజు ఆ చుక్కలు గులాబీ రంగులో ఉన్నాయి. రక్తం మరక నాకు చెప్పక్కర్లేదు. వేడినీళ్లు తగలనివ్వకుండా చన్నీళ్లతో తీసేశాను. తీసేశాక వాడిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

పశువుల డాక్టరు చిన్న వయసావిడ. పిల్లి పొట్ట నొక్కి చూసింది, మూత్రం పరీక్ష చేసింది, స్కాను తీసింది. క్రిములు లేవు, రాళ్లు లేవు. అన్నీ బాగానే ఉన్నాయంది. అన్నీ బాగానే ఉంటే వీడెందుకు ఏడుస్తున్నాడని అడిగాను.

"కొన్ని పిల్లులకు మూత్రాశయం లోపల పుండులా వాస్తుందమ్మా. ఎందుకో తెలీదు. బెంగ పెట్టుకున్నా వస్తుంది. ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా?"

నా శుభ్రతను అనుమానిస్తోందనుకున్నాను. "ఏమీ మారలేదు. మా ఇల్లు అద్దంలా ఉంటుంది. నేల రోజుకు రెండుసార్లు తుడుస్తాను" అన్నాను కాస్త గట్టిగానే. అంతకుముందే బయట ఫారం నింపుతూ, ఇంట్లో ఎంతమంది అన్నచోట అలవాటుకొద్దీ రెండు అని రాశాను. రాశాక చూసుకున్నాను. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

నొప్పికి చుక్కల మందు ఇచ్చింది. తడి తిండి పెట్టమంది, ఇంట్లో నాలుగుచోట్ల నీళ్లగిన్నెలు ఉంచమంది. అన్నీ చేశాను. షాపు టోకెన్ల వెనక ఎన్నింటికి పోశాడో, ఎన్ని చెంచాలో రాసుకున్నాను. పదిరోజులు బాగుండేవాడు, మళ్లీ మొదలయ్యేది. పోసిన ప్రతిచోటా నేను వెనిగరు, పొడి, వాటి ఘాటు పోవడానికి సువాసన నీళ్లు కొట్టేదాన్ని. కొట్టినకొద్దీ ఇంకోచోట పోసేవాడు. పంతానికి పోస్తున్నాడనుకున్నాను. "నీకెంత పొగరుందో నాకూ అంతే ఉంది రా" అని వాడితో పోట్లాడాను కూడా. నిజం చెప్పాలంటే, పోట్లాడటానికి ఇంట్లో ఒక ప్రాణి ఉందని సంతోషంగానే ఉండేది.

అయిదో నెలలో ఒక గురువారం పొద్దున చుక్క కూడా రాలేదు. పొట్ట రాయిలా అయింది. ఎత్తుకుంటే మనిషిలా అరిచాడు. షాపుకు చెప్పకుండానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. దారి మూసుకుపోయిందని, ఇంకో పూట ఆలస్యమైతే ప్రాణం పోయేదని చెప్పి, మత్తిచ్చి గొట్టం వేసింది. రెండ్రోజులు అక్కడే ఉంచాలంది. అద్దం వెనక పంజరంలో వాడు పడుకుని ఉంటే, మెడ చుట్టూ గరాటులాంటి పట్టీ, కింద చిన్న సంచిలోకి ఎర్రనీళ్లు. మేనేజరు అన్న పేరు వాడికి అప్పుడు ఎంత పెద్దదైపోయిందో!

డాక్టరు నా ఫారం తీసింది. "మీ ఇంట్లో ఇద్దరున్నారు కదా. రెండోవారితో కూడా మాట్లాడాలి. ఒక్కోసారి ఒకరు గమనించనిది ఇంకొకరు చూస్తారు."

ఫారం మీద నేను రాసిన అంకె చూశాను. ఆ తరవాత చెప్పాను. "రెండో ఆయన లేడమ్మా. అయిదు నెలలైంది. వీడు ఆయన పిల్లి."

ఆవిడ పెన్ను తీసి ఫారంలో రెండును ఒకటిగా దిద్దింది. తిట్టినా బాగుండేది. తరవాత నెమ్మదిగా అడిగింది. "ఆయన బట్టలు ఉన్నాయా ఇంట్లో?"

"బీరువా నిండా ఉన్నాయి. అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాను."

"ఉతకనిది ఏదైనా?"

"మా ఇంట్లోనా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుండగానే మూడో రోజున ఉతికినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

పిల్లులు ఇంటిని వాసనతో గుర్తుపడతాయని ఆవిడ చెప్పింది. మనిషి పోయాడు, ఆ వెంటనే మనిషి వాసన పోయింది, తన వాసన కూడా రోజూ పోతోంది, ప్రతిరోజూ కొత్త ఘాటు. వాడికి రోజూ ఎవరిదో పరాయి ఇంట్లో నిద్రలేచినట్టుంటుందట. "అదే కారణమని నేను చెప్పలేనమ్మా. కారణం దొరక్కపోవడమే ఈ జబ్బు. కానీ శనివారం గొట్టం తీసి పంపిస్తాను. సాయంత్రం ఏడులోపు వాడంతట వాడు నిండుగా పోయాలి. మళ్లీ మూసుకుపోతే ఆపరేషనే. ఇప్పుడున్న నీరసానికి తట్టుకుంటాడని మాటివ్వలేను. ఉతకని బట్ట ఒక్కటి దొరికితే వాడి కుర్చీలో వెయ్యండి. దయచేసి ఇల్లు తుడవకండి."

శుక్రవారం మధ్యాహ్నం బస్టాండుకు వెళ్లాను. అయిదు నెలల తరవాత ఆ గొంతు. గేటు దాటకముందే నెత్తిమీద నుంచి వినిపించింది, ఏ తొందరా లేని, ఏ బస్సునీ ఎక్కువ తక్కువ చెయ్యని గొంతు. అద్దాల గది ముందు నిలబడ్డాను. ఆమె మైకులో చెబుతూ తలెత్తి నన్ను చూసింది. "ఏడో నంబరు ప్లాట్‌ఫాం... క్షమించాలి, తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫాం" అంది. ఆమె తడబడటం నేనెప్పుడూ వినలేదు.

మైకు కట్టేసి తలుపు తీసింది. "ఏంటి వదినా, తనిఖీకి వచ్చావా?"

"మేనేజరుకు బాలేదు" అన్నాను.

మొహం మారిపోయింది. కుర్చీ జరిపింది. మూడు బస్సులు వచ్చి వెళ్లేలోపు, ఆమె మైకు వేసి కట్టేసే సందుల్లో అంతా చెప్పాను. చివరికి, "స్వెట్టరు ఉతికేశావా?" అని అడిగాను.

"ఉతకడం నీ జబ్బు, నాది కాదు. ప్లాస్టిక్ సంచిలో ముడేసి పెట్టాను. నెలకోసారి విప్పుతాను. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ ముడేస్తాను. ఎక్కువసేపు తెరిస్తే అయిపోతుందేమోనని భయం." మైకు తీగ సర్దింది. "పిల్లికిస్తే వారంలో అది పిల్లి వాసనే అయిపోతుంది. తెలుసుగా?"

"వాసనల సంగతి నాకా చెబుతున్నావు? తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా?"

"వాడు కూడా పోతే నాకెవరూ లేరే."

ఆమె నా వైపు సూటిగా చూసింది. వాళ్ల అన్నయ్య కళ్లే. "ఒక్క పిల్లి కోసమేనా అడుగుతున్నది?"

అవునని అనేస్తే సరిపోయేది. ఎప్పుడైనా అదే అనేదాన్ని. "నాక్కూడా కావాలి" అన్నాను. "ఆయన వాసన మర్చిపోయాను. ఎంత తలుచుకున్నా సబ్బు వాసనే వస్తోంది. నేనే కడిగేసుకున్నాను."

మైకు పక్కన ఎర్రదీపం వెలిగింది. ఆమె మైకు వేసి మూడో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వచ్చే బస్సు పేరు చెప్పింది. గొంతు జలుబు చేసినట్టుంది. మైకు కట్టేశాక నేను, "ఆరోజు దొంగతనం అన్నాను" అన్నాను.

"దొంగతనమే చేశాను" అంది కళ్లు తుడుచుకుంటూ. "చెయ్యబట్టే మిగిలింది."

డ్యూటీ దిగాక తను ఉండే గదికి తీసుకెళ్లి సంచి నా చేతిలో పెట్టింది. ముడి విప్పి తాను మళ్లీ చూసుకోలేదు. నేనూ దారిలో విప్పలేదు. గుండెకు హత్తుకుని నడిచాను, అంతే. ఆ రాత్రి ఇంట్లో నేల తుడవలేదు.

శనివారం పదింటికి మేనేజరును తీసుకొచ్చాను. సంచి ముడి విప్పి, ముక్కు పక్కకు తిప్పుకుని, స్వెట్టరు వాడి కుర్చీలో పరిచాను. ఉన్నదంతా వాడికే పోవాలని. వాడు గదిలో తూలుతూ రెండడుగులు వేసి ఆగాడు. మెడ చాచాడు. కుర్చీ ఎక్కలేకపోతే ఎత్తి కూర్చోబెట్టాను. మోచేతి అతుకును వాసన చూశాడు. చూసి, చూసి, మళ్లీ చూశాడు. ముందుకాళ్లతో ఉన్నిని పిసికాడు. తరవాత దాంట్లో మొహం దాచుకుని పడుకున్నాడు. నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను. ఆయన పోయాక మొదటిసారి, వెక్కి వెక్కి, చప్పుడు చేస్తూ ఏడ్చాను.

పన్నెండయింది. ఒంటిగంటయింది. ట్రే పొడిగా ఉంది. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది నేను. పిల్లి మాత్రం కదల్లేదు. రెండింటికి మా ఆడపడుచు ఫోను చేసింది, "పోశాడా?" అని. లేదన్నాను. మూడింటికి చేసింది. లేదన్నాను. పొట్ట తడిమి చూద్దామంటే ధైర్యం చాలలేదు. నాలుగింటికి వాడిని తీసుకెళ్లే బుట్ట తలుపు దగ్గర పెట్టుకున్నాను.

నాలుగున్నరకు లిఫ్టు మూడో అంతస్తు దగ్గర మూలిగింది. మేనేజరు తలెత్తి తలుపు వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు, ఒళ్లు విరుచుకున్నాడు. ట్రే వైపు వెళ్తాడేమో అని నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను. వాడు దిగలేదు. అక్కడే, స్వెట్టరు నడిమధ్య, గొంతుకు కూర్చున్నాడు.

సన్నటి ధార. ఆగలేదు. ముక్కలేదు, మూలగలేదు. ఎంతసేపు పోశాడో. పసుపుపచ్చగా, తేటగా, ఎర్రచుక్క ఒక్కటి కూడా లేకుండా ఉన్నిలోకి ఇంకిపోయింది. నేను ఆపలేదు. ఆపితే చచ్చిపోతాడు. పోసినకొద్దీ అది ఇటు ఛాతీ మీదికి, అటు కాలరు దాకా పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను. "పొయ్యి రా, నిండుగా పొయ్యి" అని నేనే అంటున్నానని తరవాత తెలిసింది.

ఫోను మోగింది.

"పోశాడా వదినా?"

"పోశాడు."

"నిండుగానా?"

"నిండుగా. రక్తం లేదు."

"అమ్మయ్య! ట్రేలోనేనా?"

నేను మాట్లాడలేదు. అవతల బస్సు హారను వినిపించింది. ఆమెకు అర్థమైంది. ఏదో చప్పుడొచ్చింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. రెండూనేమో.

"సంతకం పెట్టాడన్నమాట మేనేజరు" అంది. "పోనీలే వదినా. బతికాడు, అది చాలు. అన్నయ్య ఉన్నా వాడికే ఇచ్చేవాడు." గొంతు తగ్గించింది. "ఉతికేస్తావా ఇప్పుడు?"

చల్లని నీళ్లు, వెనిగరు, పొడి, ఇరవై నిమిషాలు. నా చేతికి అప్పటికే తొట్టి వచ్చేసింది, ఎప్పుడు తెచ్చానో నాకే తెలీదు. తొట్టిని బోర్లించి నేల మీద పెట్టాను. కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మేనేజరు పక్కకు జరిగి తనను శుభ్రం చేసుకుంటున్నాడు. స్వెట్టరు ఎడమ చెయ్యి కుర్చీ అంచు మీది నుంచి కిందికి వేలాడుతోంది. దానికి ఒక్క చుక్క కూడా తగల్లేదు. పట్టుకుని ముక్కుకు ఆనించుకున్నాను. గ్రీజు. ఎప్పుడూ చప్పరించే గొంతుబిళ్లలు. వాటి వెనక, చాలా వెనక, ఆయన.

పది అంకెలు లెక్కపెట్టాను.

"ఎడమ చెయ్యి పొడిగానే ఉంది" అన్నాను ఫోనులో. "డ్యూటీ అవగానే రా. నువ్వొచ్చేదాకా దీన్ని వదలను."